ఎండ లోపలికొచ్చాక తెర ఎందుకు?

మొన్న ఆగస్టులో మా అత్తయ్యగారు అబూదాబీ వచ్చారు. మాల్స్ చూసి విసిగిపోతే ఓ సాయంత్రం మస్దర్ సిటీకి తీసుకెళ్ళాను. మస్దర్ ఇన్‌స్టిట్యూట్ కోసం కట్టి 2010లో తెరిచిన క్యాంపస్ అక్కడుంది. 2017లో ఆ ఇన్‌స్టిట్యూట్ ఖలీఫా యూనివర్సిటీలో కలిసింది.

భవనాల మధ్య అన్నీ ఇరుకు సందులే, ఒకదాని నీడ ఇంకోదాని మీద పడేలా. కిటికీల బయట ఇసుకరంగు కాంక్రీటు జాలీలు. మధ్యలో 45 మీటర్ల గాలిగోపురం (గుడి ముందుది కాదు, నిజంగా గాలి కోసమే!). పైనున్న గాలిని పట్టి కిందికి పంపుతుంది, పైన నీటి తుంపరలు దాన్ని చల్లబరుస్తాయి.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ గుర్తొచ్చి బాష్పీభవనం గురించి మొదలుపెట్టాను.

"కూజాలో నీళ్ళు చల్లబడినట్టేగా!" అన్నారావిడ.

నిజమే. కానీ ఆగస్టు ఉక్కలో తుంపరలు చేసేది తక్కువ. హాయిగా అనిపించింది నీడే.

ఇంటికొచ్చాం. మా హాల్లో పడమటి గోడంతా అద్దమే, ఏసీ ఆగదు. మందపాటి కర్టెన్లు గర్వంగా చూపించాను, బోలెడు దిర్హాములు పోసి కొన్నవి.

అత్తయ్యగారు తెర వెనక చెయ్యి పెట్టి చూశారు.

"ఎండ అద్దం దాటి లోపలికొచ్చేసింది కదమ్మా, ఇంక తెర ఎందుకు?"