బండి మీద ఏరియల్

పొద్దస్తమానం సంధులూ సమాసాలూ చెప్పుకునే మనిషికి ఏరియళ్లతో ఏం పని అని మా ఆవిడ అడిగింది. ప్రశ్న సబబైనదే. జగిత్యాలలో మా ఇంటి వరండా నిండా అల్యూమినియం కమ్మీలు, రాగితీగ చుట్టలు, కొలత టేపు పరుచుకుని కూర్చున్న నన్ను చూస్తే ఎవరికైనా ఆ అనుమానమే వస్తుంది. కానీ దీనికంతటికీ కారణం మా అమ్మ అని ఆవిడకూ తెలుసు.

2022 ఫిబ్రవరిలో మేమంతా మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు వెళ్లాం. కోరుట్లలో మా అమ్మ ఉండే ఇంటి నుంచి ట్రాక్టరు ట్రాలీలో ప్రయాణం. ట్రాలీ అంటే తక్కువగా అనుకోకండి. పైన ఇనుప బద్దలు వంచి టార్పాలిన్ కప్పి, కింద గడ్డి పరిచి, దాని మీద బొంతలు వేసి, ఓ మూల పొయ్యి, ఓ మూల బియ్యం బస్తా, అమ్మవారికి సమర్పించే బెల్లం, అంటే మా వైపు మాటలో 'బంగారం', సర్దుకుంటే అది చక్రాల మీద కాపురమే. నాలుగు రోజులు అందులోనే వంట, అందులోనే నిద్ర.

జంపన్నవాగులో స్నానానికి వెళ్లిన అమ్మ జనంలో కలిసిపోయింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. చేతిలో ఫోను ఉంది. నా చేతిలోనూ ఉంది. కాని లక్షల మంది ఒకేసారి మాట్లాడబోతే టవర్లు మాత్రం ఏం చేస్తాయి? నొక్కినప్పుడల్లా కుయ్‌కుయ్‌మని ఊరుకునేది. నేనో దిక్కు, మా బావ ఓ దిక్కు వెతుకుతూ, ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకోలేక మళ్లీ మళ్లీ బండి దగ్గరికి వస్తూ నాలుగు గంటలు నరకం అనుభవించాం. చివరికి ఎవరో పుణ్యాత్ములు తమ గుడారంలో కూర్చోబెట్టుకుని అంబలి పోస్తుంటే కనిపించింది.

"ఎక్కడ తప్పిపోయినవే అమ్మా!" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"నేనెక్కడ తప్పిపోయిన్నురా! మీరే తప్పిపోయిన్రు," అంది అమ్మ తాపీగా.

తిరుగు ప్రయాణంలో బావ మాట్లాడలేదు. ఆయనది సిరిసిల్ల. సాంచెలు మరమ్మతు చేయడం వృత్తి. చెడిన దాన్ని చూస్తే బాగుచేయనిదే నిద్రపట్టని స్వభావం. "బామ్మర్దీ, టవరుతోని పనిలేకుండ మనమే మాట్లాడుకునే ఉపాయం లేదా?" అన్నాడు కోరుట్ల చేరాక.

ఉంది. దాన్ని హామ్ రేడియో అంటారు. 1977 నవంబరు దివిసీమ తుపాను పేరు వింటేనే మన పెద్దలకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. తీగలు తెగిపోయిన అలాంటి వేళల్లోనే దీని విలువ తెలిసేది. హైదరాబాదులో 1983లో ఎస్. సూరి గారు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను స్థాపించారు. 2004 డిసెంబరులో సునామీ అండమాన్లను ముంచినప్పుడు, ఆ సంస్థ తరఫున పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్లి ఉన్న భారతీ ప్రసాద్ గారు తన రేడియో ద్వారానే అక్కడి క్షేమ సమాచారాలను బయటికి పంపారు. అయితే ఎవరు పడితే వారు మాట్లాడడానికి వీల్లేదు. కేంద్ర ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. మేమిద్దరం పుస్తకాలు ముందేసుకున్నాం. మోర్సు సంకేతాలు చూసి 'చుక్క లఘువు, గీత గురువు, ఇదేం పెద్ద విద్య!' అనుకున్నాను. తీరా చూస్తే మన గురువుకు రెండు మాత్రలే, వాళ్ల గీతకు మూడు చుక్కల కాలం! ఛందస్సు అక్కరకు రాలేదు. పరీక్షలో బావకు నాకన్నా ఎక్కువ మార్కులొచ్చాయని కూడా ఒప్పుకోవాలి.

ఇక ట్రాలీకి ఏరియల్ బిగించడం. చేతి రేడియోలు అయిదు వాట్లవి. ఏరియల్ అంటే నా చిన్నప్పుడు నాన్న డాబా మీద రెండు వెదురుగడల మధ్య కట్టిన రాగిజాలరు. పోస్టాఫీసులో ఏటా రేడియోకు రుసుము కట్టిన తరం ఆయనది. అది వినడానికి మాత్రమే గనుక ఎలా కట్టినా ఏదో ఒకటి పలికేది. మాట్లాడే ఏరియల్ అలా కాదు. దానికి కొలత తప్పకూడదు. మేం వాడే 145 మెగాహెర్ట్‌జ్ దగ్గర అల పొడవు సుమారు రెండు మీటర్లు. అందులో నాలుగోవంతు, అంటే అర మీటరు కమ్మీ నిటారుగా నిలబడాలి.

మొదట కింద అయస్కాంతం ఉన్న ఏరియల్‌ను తెచ్చి ట్రాలీ ఇనుపబద్ద మీద అంటించాం. మీటరు పెట్టి చూస్తే ముల్లు మూడు మీదికి పోయింది. అంటే పంపిన శక్తిలో నాలుగోవంతు ఏరియల్ పుచ్చుకోకుండా వెనక్కి తరిమేస్తోందన్నమాట. బావ గంటసేపు బండి చుట్టూ తిరిగాడు. "దీని కాళ్ల కింద నేల లేదు," అన్నాడు చివరికి.

అక్షరాలా నిజం. ఆ అర మీటరు కమ్మీ సగం ఏరియల్ మాత్రమే. రెండో సగం దాని కింద పరుచుకున్న లోహం. కారుకైతే పైకప్పు రేకే ఆ పని చేస్తుంది. మా కాపురానికి పైన ఉన్నది టార్పాలిన్! అందుకని అదే ఏరియల్‌ను ట్రాక్టరు బానెట్ మీదికి మార్చాం. విశాలమైన ఇనుపరేకు దొరికేసరికి ముల్లు బుద్ధిగా దిగివచ్చింది. అది బండి నడిచేటప్పటి ఏరియల్.

బండి ఆగాక వాడేది రెండోది. ఆరు మీటర్ల వెదురుగడ చివర నిలువు కమ్మీ, దాని మొదట్లో అదే పొడవున్న మరో నాలుగు కమ్మీలు. బండికి రేకు లేకపోతే ఈ నాలుగే దాని నేల. వాటిని అడ్డంగా కాక గొడుగు ఊచల్లా కిందికి వాల్చితే యాభై ఓముల కేబుల్‌తో చక్కగా పొత్తు కుదురుతుంది. కేబుల్ కూడా ఎంత పొట్టిదైతే అంత మంచిది. పది మీటర్ల సన్నకేబుల్ దాదాపు మూడోవంతు శక్తిని దారిలోనే తినేస్తుంది. గడను ట్రాలీ పక్కకు రెండు బిగింపులతో కట్టాం. బండి కదిలే ముందు దింపాలి, లేపే ముందు తలెత్తి కరెంటు తీగలు లేవని చూసుకోవాలి. ఈ రెండు నియమాలనూ బావ ట్రాలీ తలుపు మీద సున్నంతో రాసిపెట్టాడు.

పరీక్షకు నేను కొండగట్టు ఎక్కాను. బావ కోరుట్లలో బండి దగ్గరున్నాడు. గుట్ట మీద నుంచి పిలిచేసరికి ఆయన గొంతు పక్కన కూర్చున్నట్టు వినిపించింది. ఇలాంటి అలలు చూపులా తిన్నగా పోతాయి. ఎత్తు పెరిగినకొద్దీ దూరం పెరుగుతుంది. అమ్మ ఆ గొంతు విని, "గంత దూరం నుంచి మాట్లాడుతున్నడా!" అని ముచ్చటపడి, మరుక్షణమే, "మరి నాకేది?" అందట.

అక్కడే మా ఇద్దరి తెలివీ తెల్లబోయింది. లైసెన్సు లేని అమ్మ చేతికి ఈ రేడియో ఇవ్వకూడదు. ఇచ్చినా ఆమె మీటలు నొక్కదు. తప్పిపోయే మనిషిని వదిలేసి, వెతికేవాళ్లకు ఏర్పాట్లు చేసుకున్నాం! నాకు సమాధానం తోచలేదు. అమ్మే లోపలికి పోయి తన పాత ఎర్రచీర కొంగు చింపి తెచ్చింది. "గా కట్టె కొసకు ఇది కట్టున్రి. నేను చూసుకుంట," అంది. కమ్మీలకు తగలకుండా, కాస్త కిందగా కట్టాం.

2024 ఫిబ్రవరి జాతరలో అమ్మ మళ్లీ జనంలో కలిసిపోయింది. ఈసారి గద్దెల దగ్గర. నేను రేడియోలో బావకు చెప్పాను. ఆయన బండి దగ్గర నుంచి, "నువ్వు వాగు దిక్కు చూడు, నేను ఇక్కడనే ఉంట," అన్నాడు. కాళ్లు వణుకుతున్నాయిగాని, మొదటిసారిలా ఒంటరినన్న భయం లేదు. పావుగంట తిరగకముందే రేడియో పలికింది. "వెతకకు బామ్మర్దీ. అత్తమ్మ వచ్చింది. వచ్చి, మనం తిన్నమా లేదా అని అడుగుతున్నది."

నేను చేరేసరికి అమ్మ బొంత మీద కూర్చుని కాళ్లు పిసుక్కుంటోంది. ఎలా వచ్చావంటే చెయ్యి పైకి చూపింది. వేల గుడారాల మధ్య, అన్నిటికన్నా ఎత్తున, ఎర్రకొంగు గాలికి ఎగురుతోంది.

2026 జనవరి జాతర నాటికి అమ్మకు మోకాళ్లు సహకరించలేదు. కోరుట్లలోనే ఉండిపోయింది. బండి కదిలే ముందు గడను నేల మీద పెట్టించుకుని, కొంగును తానే కట్టింది.

"నువ్వు రావడంలేదు కదే, ఇంకెందుకు?" అన్నాను.

"మీరు తప్పిపోతరని," అంది.