అట్టపెట్టెలో యుద్ధట్యాంకు!

పెట్టె మూత మీద భీకరంగా దూసుకొస్తున్న ట్యాంకు బొమ్మ ఉంటుంది. మూత తీస్తే మాత్రం ట్యాంకు కనపడదు. కిటికీ ఊచల్లాంటి ప్లాస్టిక్ చట్రాలు, వాటికి అంటుకుని బోలెడన్ని ముక్కలు... అగ్గిపుల్ల తలంత హెడ్‌లైటు, పావలా బిళ్లంత చక్రం, పెన్సిలంత ఫిరంగి గొట్టం. ముక్కముక్కకీ ఓ నంబరు. ఇక మిగిలిందంతా కొనుక్కున్నవారి ఓపికే!

ఇలాంటి పెట్టెలకి పుట్టిల్లు జపాన్‌లోని షిజుఓకా. టోక్యో నుంచి బుల్లెట్ రైలెక్కితే గంట ప్రయాణం. అయితే అన్నిటికన్నా వేగంగా వెళ్లే నొజోమి రైలు ఇక్కడ ఆగదు, హికారీ ఎక్కాలి. ఓ పక్క తేయాకు తోటలు, ఆకాశం తేటగా ఉంటే ఫ్యూజీ పర్వతం. జపాన్‌లో తయారయ్యే ప్లాస్టిక్ మోడళ్లలో 80 శాతానికి పైగా ఈ ప్రాంతం నుంచే వస్తాయని చెబుతారు. టామియా, అవొషిమా, ఫుజిమి... ఈ రంగంలో పెద్ద పేర్లన్నీ ఇక్కడివే. హసెగావా పక్కనే ఉన్న యైజు ఊళ్లో ఉంది. నగరంలో ఒకచోట ఉత్తరాల డబ్బా కూడా మోడల్ కిట్‌లా ముక్కలు ముక్కలుగా చట్రంలో బిగించి ఉంటుంది. చూడ్డానికే కాదు, అందులో ఉత్తరం వేయొచ్చు!

ఈ విద్య ఈ ఊరికెలా వచ్చిందంటే గుడి కథ చెప్పాలి. 17వ శతాబ్దంలో తొకుగావా పాలకులు ఇక్కడి సెంగెన్ మందిరాన్ని కట్టించడానికి దేశం నలుమూలల నుంచీ వడ్రంగుల్నీ లక్క పనివాళ్లనీ రప్పించారట. పని అయిపోయాక వాళ్లలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. మనకు కొండపల్లిలో తెల్లపొణికి చెక్క చుట్టూ ఓ ఊరు బతికినట్టే, షిజుఓకా కూడా చెక్కపని మీద బతికింది.

పోయిన నౌక... గట్టెక్కించిన ట్యాంకు

టామియా కూడా 1946లో సామిల్లుగానే మొదలైంది. తర్వాత చెక్క నౌకలూ విమానాల బొమ్మలూ చేసింది. అంతలో అమెరికా నుంచి ప్లాస్టిక్ మోడళ్లు దిగుమతి అయ్యాయి. చెక్క బొమ్మని అడిగే నాథుడు లేడు. 1960లో అప్పుచేసి యమాతో యుద్ధనౌకకి ప్లాస్టిక్ అచ్చు పోయించారు. సరిగ్గా అప్పుడే పోటీ సంస్థ అదే నౌకని తక్కువ ధరకి తెచ్చింది. తామూ ధర తగ్గించక తప్పలేదు, నష్టమూ తప్పలేదు.

యజమాని కొడుకు షున్‌సాకు టామియా ఈసారి జర్మన్ పాంథర్ ట్యాంకుని ఎంచుకున్నాడు. కారణం చిత్రమైంది. ఆ ట్యాంకు పలకలన్నీ తిన్నగా, ఏటవాలుగా ఉంటాయి కాబట్టి అచ్చు చేయడం తేలిక! లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలి కాబట్టి వాటికి తగ్గట్టు సైజు పెట్టేశారు. తర్వాత కొలిచి చూస్తే అది అసలు ట్యాంకులో దాదాపు 35వ వంతు ఉంది. బ్యాటరీ పుణ్యమా అని పుట్టిన ఆ లెక్కే ప్రపంచమంతటా మోడల్ ట్యాంకులకి ప్రామాణికమైపోయింది. పెట్టె మీద బొమ్మ వేసింది నాటి ప్రసిద్ధ చిత్రకారుడు షిగెరు కొమత్సుజాకి. పిల్లలు ఎగబడి కొన్నారు, సంస్థ గట్టెక్కింది. ఆ తర్వాత షున్‌సాకు కెమెరా పట్టుకుని అమెరికాలోని ఆబర్డీన్ ట్యాంకుల మ్యూజియం దాకా వెళ్లి, ఒక్కో బోల్టునీ ఫొటో తీసుకొచ్చాడు. 2025లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

రంగు పడితేనే రణరంగం

ఏటా మే నెలలో ఇక్కడ జరిగే హాబీ షో 1959లో మొదలైంది. కంపెనీల స్టాళ్ల సంగతి అలా ఉంచితే అసలు సందడి మోడలింగ్ క్లబ్బుల బల్లల దగ్గరే. ఇంట్లో నెలల తరబడి చేసుకున్న బొమ్మల్ని ఒళ్లో పెట్టుకుని మరీ రైళ్లలో తెస్తారు.

వాళ్ల పని తీరు చూడాలి. ముక్కని చట్రం నుంచి చేత్తో విరవకూడదు, కట్టర్‌తో కాస్త ఎడంగా కత్తిరించి మిగిలిన మొనని ఉప్పుకాగితంతో అరగదీయాలి. మోడల్ జిగురు మామూలు గమ్ములా అతకదు, ప్లాస్టిక్‌నే కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. అందుకే ఒక్క బొట్టు ఎక్కువైతే వేలిముద్ర శాశ్వతంగా పడిపోతుంది.

రంగుదీ అంతే. పచ్చ రంగు కొట్టేస్తే అది ట్యాంకు కాదు, ప్లాస్టిక్ బొమ్మే. పల్చటి గోధుమ రంగు నీళ్లలా పోస్తే బోల్టుల చుట్టూ, సందుల్లో నిలిచి మురికి పట్టినట్టు అవుతుంది. తర్వాత బ్రష్‌కి లేతరంగు అద్ది, దాదాపు అంతా గుడ్డకి తుడిచేసి, అంచుల మీద ఆడిస్తే ఇనుము అరిగిన మెరుపు వస్తుంది. చివర్లో చక్రాలకి రంగుపొడితో బురద. కొత్తవాళ్లు ఇక్కడే అత్యుత్సాహం చూపిస్తారు... ట్యాంకుని చాక్లెట్‌లో ముంచి తీసినట్టుంటుంది!

ఇక ఫొటో. నిలబడి తీస్తే టేబుల్ మీద బొమ్మే పడుతుంది. 35వ వంతు లోకంలో మనిషి ఎత్తు 5 సెంటీమీటర్లు, కెమెరా కన్ను అక్కడికి దిగాలి. సెల్‌ఫోన్ అయితే తలకిందులుగా పెడితే లెన్సు బల్లకి దగ్గరవుతుంది. కెమెరా ఉంటే ఎఫ్16 లాంటి చిన్న ద్వారం పెట్టాలి, లేకపోతే ఫిరంగి మొన స్పష్టంగా ఉండి వెనకంతా మసకబారుతుంది. ద్వారం చిన్నదైతే వెలుగు చాలదు కాబట్టి స్టాండు తప్పనిసరి. ఫ్లాష్ వద్దు, తెల్లటి పరదా వేసిన కిటికీ చాలు. అన్నీ కుదిరాక కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే, కంటికి ఆననంత సన్నటి అతుకు గీత కొట్టొచ్చినట్టు కనపడుతుంది. మళ్లీ ఉప్పుకాగితం!

కొండ మీద రెండు గుర్తులు

సెంగెన్ మందిరం వెనక షిజుహతా కొండ ఉంది. షోకి వచ్చినవాళ్లలో పైకి ఎక్కేవాళ్లు తక్కువే. 1945 జూన్ 19 అర్ధరాత్రి దాటాక అమెరికా బి-29 విమానాలు ఈ ఊరి మీద నిప్పుబాంబులు కురిపించాయి. దాదాపు 2 వేలమంది చనిపోయారు. టామియా సామిల్లు మొదలైంది మరుసటి ఏడాదే. ఆ రాత్రి రెండు బి-29లు గాల్లోనే ఢీకొని కూలిపోయాయి, 23 మంది అమెరికన్లు మరణించారు. ఫుకుమాత్సు ఇతో అనే స్థానికుడు వాళ్లనీ ఊరివాళ్లతో పాటే ఖననం చేశాడు. ఊరు ఊరంతా శోకంలో ఉండగా శత్రువులకి అంత్యక్రియలేంటని తోటివాళ్లు మండిపడ్డా ఆగలేదంటారు. ఇప్పుడు కొండ మీద ఊరివాళ్లకో స్మారకం, ఆ వైమానికులకో స్మారకం దగ్గరదగ్గరగా ఉన్నాయి.

విమాన శిథిలాల్లో ఇతోకి మాడి నల్లబడ్డ నీళ్లసీసా ఒకటి దొరికింది. ఏటా జూన్‌లో జపనీయులూ అమెరికన్లూ కలిసి ఆ కొండెక్కుతారు. సీసాలో అమెరికా బోర్బన్ విస్కీ నింపి, స్మారకం రాతి మీద కొద్దికొద్దిగా ఒంపుతారు.