చెప్పకనే చెప్పే కార్డు

జూన్ 3
కుందలహళ్ళి మెట్రో స్టేషన్. నా ముందున్నాయన కార్డు బయటికి తీయకుండా పర్సే గేటుకి ఆనించి వెళ్ళిపోయాడు. కార్డులో బ్యాటరీ ఉండదు. గేటు పంపే తరంగాల నుంచే కరెంటు లాక్కుని లెక్క చేస్తుంది. కరెంటు ఇచ్చేవాడికి అది ఎప్పుడు ఎంత తాగిందో కొలిచే వీలూ ఉంటుంది. కార్డుల్లో రహస్యాలు కాపాడే మా ఉద్యోగాలు నడుస్తున్నది ఈ ఒక్క సంగతి మీదే.

జూన్ 5
ల్యాబ్‌లో కొత్తమ్మాయికి రక్షణేమీ లేని ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ నడుస్తుంటే చూపించాను. గ్రౌండ్ తీగలో చిన్న రెసిస్టర్, దాని మీద ఆసిలోస్కోప్ ప్రోబ్. తెర మీద రౌండుకొకటి చొప్పున వరసగా పది మిట్టలు లేచాయి. "చివరిది పొట్టిగా ఉందేంటి సార్?" అంది. పదో రౌండులో మిక్స్‌కాలమ్స్ అనే మెట్టు ఉండదు మరి!

128 బిట్ల కీని గుడ్డిగా వెతకడం ఎవరి తరమూ కాదు. ట్రేసులు, అంటే కరెంటు వాడకం గీసిన ఇలాంటి గీతలు, చేతికొస్తే మాత్రం ఒక్కో బైటుకి 256 ఊహలు చాలు. ప్రతి ఊహ ప్రకారం ట్రేసుల్ని రెండు గుంపులు చేసి సగటులు తీసివేస్తే, సరైన ఊహ దగ్గర మొన లేస్తుంది. 1999లో కోచర్, జాఫ్, జున్ చూపించిన పద్ధతి ఇదే.

జూన్ 9
1999లోనే, కోచర్ బృందం పత్రం వచ్చిన అదే క్రిప్టో సదస్సులో వచ్చిన ఐబీఎం పత్రం మళ్ళీ తీశాను. చారి, జుట్లా, జోస్యుల రావు, రోహత్గి. జోస్యుల వారి పేరు కనబడితే తెలుగు కన్ను కాసేపు అక్కడే ఆగుతుంది. రహస్యాన్ని రాండమ్ ముక్కలుగా విడగొట్టి, ఎక్కడా కలవనీయకుండా లెక్క నడపమన్నారు. కొలతలో నాయిస్ ఉన్నంత వరకు, ఒక్కో ముక్క పెరిగినకొద్దీ దాడికి కావలసిన ట్రేసులు రెట్లకు రెట్లు పెరుగుతాయని నిరూపించారు.

2002లో రావు, రోహత్గి బృందమే పాత జీఎస్ఎం సిమ్‌ల మీద పడింది. కాంప్128 అల్గారిథం వాడే కార్డుని ఆచితూచి 8 ప్రశ్నలడిగితే చాలు, కీ బయటపడింది.

జూన్ 12
ఆంధ్రా మెస్సు. "పిన్ మూడుసార్లు తప్పితే బ్లాకే కదన్నా, ఇంక భయమేంటి?" అన్నాడు తమ్ముడి స్నేహితుడు. తప్పని తేలాక మిగిలిన అవకాశాల లెక్క తగ్గిస్తే, ఆ మెమొరీ రాతకి కరెంటు పెరుగుతుంది. దొంగ అది చూడగానే పవర్ పీకేస్తాడు, అవకాశం పోదు. అందుకే ముందే ఒకటి తగ్గించి, తరవాత పిన్ పోల్చి, సరైతే తిరిగిస్తాం.

"ముందు శిక్ష, తరవాత విచారణ. మా మేనేజర్ పద్ధతే," అన్నాడు పెరుగు కలుపుకుంటూ.

జూన్ 17
సి కోడులో మాస్కు (రహస్యాన్ని దాచే రాండమ్ ముక్క) వేరు, మాస్కు వేసిన విలువ వేరు. కంపైలర్ రెంటికీ ఒకే రిజిస్టర్ ఇచ్చింది. ఒకదాని మీద ఇంకోటి రాసినప్పుడు మారే బిట్లేవి? ఆ రెంటి ఎక్సార్. అంటే దాచాలనుకున్న అసలు విలువే! ఆ భాగం అసెంబ్లీలో రాసి, మధ్యలో రిజిస్టర్ తుడిపించాం.

జూన్ 20
2011లో ఓస్వాల్డ్, పార్ అనే జర్మనీ పరిశోధకులు డెస్‌ఫైర్ ఎంఎఫ్3ఐసీడీ40 అనే, గేటుకి ఆనించే రకం కార్డుని దాదాపు 2,50,000 ట్రేసులతో, ఏడు గంటల్లో విప్పారు. ప్రతి కార్డుకీ వేరే కీ ఉంటే ఆ శ్రమకి దొరికేది ఒక్క కార్డే. అన్నిటికీ ఒకటే కీ అయితే ఊరంతా దొరుకుతుంది.

సేల్స్ వాళ్ళు మా రిపోర్టులో "సురక్షితం" అని ఒక్క ముక్క రాయమన్నారు. "పది లక్షల ట్రేసుల దాకా లీకు కనబడలేదు" అని రాశాం. "దాకా" వరకూ కత్తిరించమన్నారు. ఒప్పుకోలేదు.