దంతాలపల్లిలో గళ్ల రొట్టె

వరంగల్లునుండి ఖమ్మమునకు బోవు రహదారిలో వర్ధన్నపేట, రాయపర్తి, తొర్రూరు దాటిన పిమ్మట దంతాలపల్లి వచ్చును. సూర్యాపేట త్రోవయు, మహబూబాబాదు త్రోవయు నిచ్చటనే కలియుచున్నందున, ఊరు పెద్దది కాకున్నను కూడలి మాత్రము తెల్లవారినది మొదలు సందడిగా నుండును. 2016 వరకు నీ గ్రామము నరసింహులపేట మండలములోనిదై వరంగల్లు జిల్లాకు జెందియుండెను. ఆ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తెలంగాణములోని జిల్లాలను పునర్విభజించినపుడు మహబూబాబాదు జిల్లాలో మండలకేంద్రమైనది. చుట్టును వరి, పత్తి, మిరప పండును. మిరపకాయలను కళ్లములందు ఆరబోసిన దినములలో బస్సు కిటికీ తెరచి కూర్చుండువారికి తుమ్ములు తప్పవు. ఊరివారికి మాత్రము ఆ ఘాటు వాసనయే సంవత్సరపు జీతము వంటిది.

ఊళ్ల గూర్చి వ్రాయువారు గుళ్లను, కోటలను వర్ణింతురు. నే నచ్చట మా వదినెగారింట నాలుగు దినములుండి ఎక్కువగా జూచినది వంటయిండ్లను. వారి వీధిలో పది యిండ్లయిన లేవు. అందు మూడిండ్లలో వాఫిల్ చేయు యంత్రములు గలవు. హైదరాబాదు హోటళ్లలో దప్ప కానరాదనుకొను పదార్థము, సర్వపిండి, సకినాలు పుట్టి పెరిగిన సీమలో నిట్లు అడుగు పెట్టుట విచిత్రముగా దోచి, ఆ మూడింటి చరిత్రను విచారించితిని. క్రొత్త వంటపాత్రను గొనదలచిన సోదరీమణులకు కొంత యుపయోగపడునని యిట వ్రాయుచున్నాను.

మొదట వాఫిల్ అన నేమో తెలియనివారికి రెండు మాటలు. గళ్లు గళ్లుగా పల్లములుదేరిన రెండు ఇనుపపలకల నడుమ పిండిని బోసి, పైనను క్రిందను ఒక్కసారిగా గాల్చిన రొట్టె యిది. తేనెపట్టు గదులవలె నుండును. ఆ పేరును తేనెపట్టును దెలుపు ప్రాచీన జర్మను మాటయు నొకే ధాతువునుండి వచ్చినవని భాషావేత్తలు చెప్పుదురు. ఐరోపాలో మధ్యయుగమునందే పొడవు పిడుల ఇనుప అచ్చులను నిప్పులపై బట్టి దీనిని గాల్చుచుండిరి. 1869లో అమెరికాలోని ట్రాయ్ నగరవాసియైన కార్నీలియస్ స్వార్ట్‌వౌట్ అను నతడు, పొయ్యిమీదనే యుంచి సులువుగా త్రిప్పుటకు వీలైన అచ్చునకు ఆగస్టు 24వ తేదీన పేటెంటు పొందెను. విద్యుచ్ఛక్తితో వేడెక్కు యంత్రములు ఇరువదవ శతాబ్దమునగాని రాలేదు. నడుమ నొక వింత. 1971 ప్రాంతమున బిల్ బవర్మన్ అను పరుగుపందెముల శిక్షకుడు తన యింటి వాఫిల్ యంత్రములో రబ్బరు ద్రవమును బోసి బూట్లకు గళ్ల అడుగులు చేయ జూచెను. ఆ యింటి యిల్లాలు తన యంత్రమున కేమైనదని చూచుకొన్నప్పు డేమనుకొన్నదో ఎవరును వ్రాసిపెట్టలేదు కాబోలు!

మా వదినెగారి యత్తగారు డెబ్బదియేండ్లు పైబడినవారు. ఆమె మొదటినాడే యంత్రమును దెరచి చూచి, "గిన్ని గుంటలు జేసుడెందుకు బిడ్డా? నేను సర్వపిండికి వేలుతోని పొడుస్త. గవ్వే గుంటలు" అనిరట. ఈ మాట హాస్యమునకై యన్నది కాదు. సర్వపిండి యెట్లు చేయుదురో యెరిగినవారికి దీని సారము దెలియును. బియ్యపుపిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లి, కారము, కరివేపాకు గలిపి, గట్టిగా దడిపి, అడుగు గుండ్రనైన సర్వలో చేతితో నద్ది, వ్రేలితో నచ్చటచ్చట రంధ్రములు చేసి, ఆ రంధ్రములలో నూనె చుక్కలు వేసి మూతబెట్టి సన్నని సెగను గాల్తురు. రంధ్రములు లేకున్న లోపలి పిండి పచ్చిగా నుండిపోవును. వాఫిల్ గళ్ల పనియు నిదియే. వేడికి దగులు తలము పెరిగి, పైభాగము కరకరలాడును; లోపల మెత్తన నిలుచును. వేలకోసుల దూరమున నున్న రెండు దేశముల యాడువారు ఒకే చిక్కును ఒకే విధముగా విప్పుకొనిరి.

ఇంకొక చుట్టము గలదు. అదియే గులాబీపువ్వుల అచ్చు. కేరళమువారు అచ్చప్పమని, తమిళులు అచ్చుమురుక్కని పిలుచు పిండివంటకు వాడునది. కాగిన నూనెలో అచ్చును వేడిచేసి, పిండిలో ముప్పాతిక వంతు మాత్రమే ముంచి మరల నూనెలో నుంచిన పువ్వు విడివడును. అచ్చు పూర్తిగా మునిగిన పిండి పైకెక్కి పట్టుకొని విడువదు. క్రొత్త అచ్చు మొదట మొండికేయును. ఒక రాత్రి నూనెలో నానవేసి, కొన్ని పువ్వులు పాడయిన పిమ్మటగాని లొంగదు. ఆ యత్తగారి యచ్చునకు నలుబదియేండ్లు. దానికి మరమ్మతు లేదు, గ్యారంటీ చీటీయు లేదు.

ఇక మూడు యంత్రముల మాట.

మొదటిది వీధి చివరి యింటిది. ఆ యింటి కుమార్తె అమెరికానుండి వచ్చుచు, తన కాపురములో రెండేండ్లు వాడిన యంత్రమును తల్లికి దెచ్చి యిచ్చినది. మంచి బరువుగల సాధనము. మూడు కాళ్ల ప్లగ్గు దొరకునట్లు చిన్న అడాప్టరు గూడ దెచ్చినది. గోడకు దగిలించిన రెండు నిమిషములలో పొగ వచ్చి, నాలుగవ నిమిషమున శాశ్వతముగా జల్లారెను. కారణ మిది. అమెరికాలో ఇండ్లకు వచ్చు కరెంటు 120 వోల్టులు, మనకు 230. అడాప్టరు ప్లగ్గు రూపమును మార్చునుగాని వోల్టులను మార్చదు. వోల్టులు రెండింతలకు జేరువైనచో వేడి రెండింతలు గాదు, నాలుగింతలకు దగ్గరగా బెరుగును. వోల్టులు దింపు ట్రాన్స్‌ఫార్మరు గొనవచ్చును. కాని వేయివాట్ల సాధనమును మోయగల ట్రాన్స్‌ఫార్మరు వెలతో ఇచ్చటనే క్రొత్త యంత్రము వచ్చును. విదేశములనుండి బిడ్డలు తెచ్చు వేడిసాధనమేదైనను, దాని యడుగున నంటించిన చీటిపై 220–240 అని యున్నదా లేదా చూడక గోడకు దగిలింపరాదు. ఆ తల్లి యిప్పుడు దానిని బీరువాపై నుంచినది. పారవేయుమన్న, "బిడ్డ మోసుకొచ్చింది" అని ఊరకుండును.

రెండవది మా వదినెగారిది. హైదరాబాదులో మూడువేల రూపాయల లోపున గొన్నది. వేయివాట్లది. గంటసేపు పూర్తిగా గాలిన నొక యూనిటు. నడుమ నడుమ తనంత తాను ఆగుచుండుటచే నంతకు దక్కువయే ఖర్చగును. ఎఱ్ఱదీపము వెలిగిన కరెంటు వచ్చినట్లు, పచ్చదీపము వెలిగిన పలకలు కాగినట్లు. ఇచ్చట సాయంకాలము వోల్టేజి తగ్గిన దినములలో పచ్చదీప మెంతసేపటికిని వెలుగదు. 230 వోల్టులు 180కి దిగిన వేడి యించుమించు మూడింట రెండు వంతులకు దిగును. అప్పుడు పిండి బోసిన తెల్లగా, సాగుడుగా దయారగును. అందుచే నామె ఉదయముననే వాడును.

పుస్తకములోని విధానమునకు మైదా, పాలు, వెన్న, చక్కెర, గ్రుడ్డు, బేకింగుపొడి గావలెను. అత్తగారు గ్రుడ్డు ముట్టరు. గ్రుడ్డునకు మారుగా పుల్లని పెరుగును, చిటికెడు వంటసోడాను వేసిన, పులుపు సోడాతో గలిసి వాయువు పుట్టి రొట్టె పొంగును. అంతకన్న మేలైన దామె స్వయముగా గనిపెట్టినది: మిగిలిన దోసెపిండి. పలకలకు నూనె రాచి, పిండిలో తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, జీలకర్ర గలిపి పోసి మూత వేయవలెను. మైదాపిండికి నాలుగైదు నిమిషములు చాలును; దీనికి ఏడెనిమిది పట్టును. ప్రక్కలనుండి ఆవిరి వచ్చుచున్నంతసేపు మూత దెరవరాదు. తొందరపడి దెరచిన రొట్టె రెండుగా జీలి, సగము పైపలకకు, సగము క్రిందిపలకకు అంటుకొనును. ఆవిరి నిలిచిన పిమ్మట దానంతట నది వదలును. పెసరపిండియు నిట్లే వచ్చును. సర్వపిండి ముద్దను బెట్టి చూచిరట. అది గట్టిది గనుక గళ్లలోనికి దిగక నడుమనే మిగిలిపోయినది. పలుచన చేసిన కాలెను గాని, అత్తగా రది సర్వపిండి యని యొప్పుకొనలేదు. నేనును రుచి చూచితిని. తీర్పు అత్తగారిదే సరియైనది.

కడుగుటలో జాగ్రత్త వలయును. యంత్రమును నీటిలో ముంచరాదు. చల్లారిన పిమ్మట తడిగుడ్డతో దుడువవలెను. పలకలపై నల్లని పూత గలదు. దానిని ఇనుప అట్లకాడ తాకిన గీరుకొనిపోవును. కొయ్య గరిటెనే వాడవలెను. ఇంటికి వచ్చిన చుట్టపుపిల్ల యొకతె తెలియక ఫోర్కుతో గీకుటచే వదినె యంత్రములో నాలుగు గళ్ల పూత పోయినది. ఆ నాలుగు గళ్లయందే నేటికిని రొట్టె యంటుకొనుచున్నది.

మూడవ యంత్రము కథ వేరు. అది వినోదమునకై గొన్నది కాదు. ఎదురింటి యామెకు ఇద్దరు పిల్లలు, భర్త లేడు. పండుగలకు మురుకులు, సకినాలు చేసి యమ్ముచు జీవించుచున్నది. సంక్రాంతికి నెల ముందు చేతినిండ పని, ఆ పిమ్మట నెలల తరబడి ఏమియు నుండదు. వదినె యింట గళ్ల రొట్టె తిన్న పిల్లల ముచ్చట చూచి, బడి దగ్గర బండి పెట్టిన నమ్ముడుపోవునని యామెకు దోచినది. మహిళాసంఘములో పదివేల రూపాయ లప్పు దీసికొని, మూడువేలతో వదినె యంత్రమువంటిదే కొని, మిగిలినదానిని బండికిని, మైదా, వెన్న, తేనె మొదలగు వానికిని వెచ్చించెను. దగ్గరి దుకాణమువారు నెలకింత యని కరెంటు నిచ్చిరి.

మొదటి వారము మిక్కిలి బాగుగా సాగినదట. చిక్కు రుచిలో లేదు, వేళలో నున్నది. ఆమె మాటలలోనే చెప్పెదను: "అక్కా, ఇంటర్వెల్లుకు పోరగాండ్లు ముప్పైమంది ఒక్కపారే వస్తరు. గీ మిషన్ల రెండే అయితయి. మిగిలినోళ్లు మొఖాలు చూసుకుంట నిలవడ్తరు, గంట కొట్టంగనే ఉరుకుతరు." లెక్క వేసి చూడుడు. అయిదు నిమిషములకు రెండు చొప్పున పదునైదు నిమిషములలో ఆరు. ముందుగా గాల్చి పేర్చి పెట్టిన లోపలి యావిరి బయటికి వచ్చి, ఒకదానిపై నొకటి చెమర్చి, పావుగంటలో గుడ్డపీలికవలె మెత్తబడును. జల్లెడవంటి తీగెపై విడివిడిగా బరచిన గొంత మేలు. బండిమీద అంత చోటేది? మెత్తబడిన రొట్టె తిన్న పిల్లలు మరునాడు రాలేదు.

అంతటితో బోలేదు. దినమునకు నాలుగేసి గంటలు ఎడతెగక కాలుటచే మూడవ నెలలో పిడి మడత వదులై మూత సరిగా బిగియుట మానెను, పూతయు లేచినది. గ్యారంటీ యింకను ముగియలేదు గనుక దుకాణమునకు గొనిపోగా, గృహోపయోగమునకు మాత్రమే యని పుస్తకములో నచ్చయినదనియు, వ్యాపారమునకు వాడిన హామీ వర్తింపదనియు జెప్పి త్రిప్పి పంపిరి. ఆ వాక్యము చివరి పుటలో, ఆంగ్లమున, చీమతలలంత యక్షరములలో నున్నది; నేను జూచితిని. న్యాయముగా జెప్పవలెనన్న, ఇంటి యంత్రము ఆ చాకిరికి జేసినది కాదు. దుకాణములలో వాడు యంత్రములు బరువైన పలకలతో వేరుగా నుండును, వెలయు పెక్కింతలు. కాని బండిపై నమ్మెదనని చెప్పి కొన్న స్త్రీకి, అమ్మిన వాడు ఆ యొక్క మాట నోటితో జెప్పవలసినది. అమ్మకమునకు వచ్చిన తెలుగు ఆ వాక్యమునకు రాలేదేమి?

అప్పు వాయిదాలు మాత్రము ఆగవు. సంఘములో నొకరు కట్టకున్న మిగిలినవారికి మాట వచ్చును గనుక, ఆమె ఒక్క నెలయు దప్పలేదు. బండిని వదలక, దానిపైననే సర్వపిండి పెట్టినది. ఇంటివద్ద నాలుగు సర్వలలో నొక్కసారిగా గాల్చి, ముక్కలుచేసి తెచ్చును. సాయంకాలము వరకు గరకర తగ్గదు, ముప్పదిమంది వచ్చినను చేతికందీయవచ్చును. పిల్లలకన్న బస్సులకై కూడలిలో నిలుచువారెక్కువగా గొనుచున్నారు. నేనున్న నాలుగు దినములలో రెండు దినములు మధ్యాహ్నమునకే పళ్లెము ఖాళీ యయ్యెను. ఆదివారములందు మాత్రము ఎవరైన ముందుగా జెప్పిన, వదినె యంత్రమును బదులు దెచ్చి గళ్ల దోసెలు చేసి యిచ్చును. పదిరూపాయ లెక్కువ.

నేను బయలుదేరు నాడు ఆమె యొక సంగతి యడిగినది. కరెంటు లేకుండ గ్యాసు పొయ్యిపైననే త్రిప్పి కాల్చు పోత యినుప అచ్చులు వచ్చునని యెవరో చెప్పిరట. స్వార్ట్‌వౌట్ కాలము నాటి పద్ధతియే యది. పూత యుండదు గనుక లేచిపోవునది లేదు. నూనె పట్టించి వాడినకొలది నునుపెక్కును. రెండు పొయ్యిలపై రెండచ్చులు పెట్టిన నాలుగేసి రొట్టెలు దిగును. అప్పులో నింకను మూడు వాయిదాలు మిగిలియున్నవి. అవి తీరినపిమ్మట, వరంగల్లులో వాని వెల యెంతయో, బరువెంతయో, పిడి కొయ్యదో యినుపదో కనుగొని వ్రాయుమని తన ఫోను నంబరు కాగితముపై వ్రాసి యిచ్చినది.