తమ్ముడికి నా చీర

మగాడు చీర కట్టుకుని ఎదురొస్తే మీరు నవ్వరూ? నేనూ నవ్వేదాన్నే. మా పుట్టిల్లు రేపల్లె, మెట్టినిల్లు తెనాలి. చిన్నప్పుడు పగటివేషగాళ్ళు వీధిలోకొస్తే తలుపుచాటు నుంచి చూసి నవ్వుకోవడమే తప్ప, వేషం వెనక మొక్కు కూడా ఉంటుందని నాకేం తెలుసు?

తిరుపతిలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు ఓ రోజు ఫోన్ చేసి, "అక్కా, నీ చీర ఒకటి కావాలి. గంగ జాతరలో కట్టుకుంటా" అన్నాడు. వాళ్ళ చంటిది పది రోజులు ఆస్పత్రిలో ఉన్నప్పుడు మొక్కుకున్నాడట. "నలుగురూ ఏమనుకుంటార్రా?" అన్నాను. కానీ మనసాగక నా వెంకటగిరి చీర తీసుకుని నేనే బయల్దేరాను.

మే నెలలో జరిగే జాతర అది. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం మార్చిందనీ, చివరికి దొర వేషంలో వాడి తల తీసిందనీ కథ. అందుకే భక్తులు ఒకరోజు కుంకుమ, ఒకరోజు బొగ్గుపొడి ఒంటికి పూసుకుని తిరుగుతారు. వాడు చచ్చాక మాతంగి వేషంలో వెళ్ళి వాడి పెళ్ళాన్ని అమ్మవారే ఓదార్చిందట. అది విని నాకు కళ్ళు చెమర్చాయి.

మా అమ్మాయి పుస్తకంలో ఇలాంటిదే ఇంకోటి చదివాను. ఆఫ్రికాలో నైజీరియా, బెనిన్ దేశాల్లో యోరుబా వాళ్ళకి 'గెలెదె' అనే వేడుక ఉంది. మగవాళ్ళు చెక్కతో చేసిన ఆడవాళ్ళ ముఖాలు తలకి పెట్టుకుని ఆడతారు. ఎందుకనుకున్నారు? తల్లుల శక్తికి మొక్కడానికి! 2001లో యునెస్కో కూడా దాన్ని గుర్తించింది. ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి తిరుపతి!

తమ్ముడికి కుచ్చిళ్ళు నేనే పెట్టాను. బొట్టు పెట్టి, పూలు ముడిచాక చూద్దును కదా, అచ్చం మా అమ్మ! నవ్వు రాలేదు సరికదా, నోట మాట రాలేదు. ఎండలో తిరిగొచ్చి అరుగు మీద కూలబడి, "ఈ కుచ్చిళ్ళతో రోజంతా పనెట్టా చేస్తారక్కా?" అన్నాడు. నలభై ఏళ్ళొచ్చాక అడిగాడు, పోనీలెండి!

జాతర ఆఖర్న గుడి ముందు బంకమట్టితో అమ్మవారి పెద్ద ముఖం చేస్తారు. పేరంటాలు వేషం కట్టినాయన దాని చెంప పెరకగానే, ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. తమ్ముడు సంపాదించిన చిటికెడు మట్టి ఇప్పుడు మా కుంకుమభరిణె పక్కనుంది.

గంగమ్మ వెంకన్న చెల్లెలని, ఏటా కొండ మీంచి సారె వస్తుంది. అన్న చెల్లెలికి చీర పంపే ఊళ్ళో, అక్క తమ్ముడికి చీర కట్టింది. ఆ చీర ఇంకా ఉతకలేదు, ఎందుకో చేతులు రావడం లేదు.