తన తోటను తానే తీసేసిన మనిషి

బియాట్రిక్స్ ఫారాండ్ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆమె వేసిన తోటలు కాదు, తీసేసిన తోట. 1899లో అమెరికా ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల సంఘాన్ని స్థాపించిన 11 మందిలో ఆమె ఒక్కతే స్త్రీ. వాషింగ్టన్‌లో డంబార్టన్ ఓక్స్ కొండవాలును మెట్లుమెట్లుగా తోటలు చేసింది. అంత చేసీ ఆర్కిటెక్టు అనిపించుకోలేదు, ల్యాండ్‌స్కేప్ గార్డెనర్‌ననే చెప్పుకుంది.

మెయిన్ రాష్ట్రంలో, బార్ హార్బర్ సముద్రపు ఒడ్డున ఆమె సొంత తోట రీఫ్ పాయింట్. తన తర్వాత దాన్ని ఆ శ్రద్ధతో చూసేవాళ్లుండరని తేలాక, ఎనభై దాటిన వయసులో, 1955లో, మొత్తం తీయించేసింది. ఎంత గుండెదిటవు కావాలి! కళ్లముందు తోట పాడుపడటం కన్నా దాని మొక్కలు పది చోట్ల బతకడం మేలు కదా. ఆమె చేసిందే సబబు.

ఆ మొక్కలెన్నో దగ్గర్లోని ఆస్టికూ అజేలియా తోటకు చేరాయి.