కోటగోడ కింద పాలపిట్ట

ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి దాటి దేవరకొండ చేరేసరికి ఇంకా తెల్లవారలేదు. శివరాత్రి వెళ్లిపోయింది కాబట్టి పగలు ఎండ మండుతుంది. పని జరిగేది పొద్దున్నే. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు ఏలిన కోట ఇది. కొండల మీదుగా సాగిన గోడ మెల్లగా కనబడసాగింది. కెమెరాలు పట్టుకున్నవాళ్లలో చాలామంది పులి కోసం ఇంకా దక్షిణానికి, నల్లమలకు పోతారు. నేను పాలపిట్ట కోసం వచ్చాను. 2014 నుంచి అది తెలంగాణ రాష్ట్ర పక్షి. దట్టమైన అడవి దానికి అక్కర్లేదు. దున్నిన చెలక, ఒక ఎండుకొమ్మ, కరెంటు తీగ ఉంటే చాలు.

పత్తి కట్టె పీకేసిన చెలక గట్టున, కంపచెట్టు నీడలో కూర్చున్నాను. 400 మిల్లీమీటర్ల లెన్స్‌కు 1.4 రెట్ల టెలీకన్వర్టర్ బిగిస్తే 560 అయింది. దీనికి వెల చెల్లించాలి: ఎఫ్ 5.6 కాస్తా ఎఫ్ 8కి దిగుతుంది, అంటే వెలుతురు సగమే అందుతుంది. 2 రెట్లది పెడితే నాలుగో వంతే మిగులుతుంది. ఎఫ్ 11 దగ్గర పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు చాలావరకు ఫోకస్‌నే పట్టుకోలేవు. అందుకే నా సంచిలో 1.4కే చోటు.

మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగాడు.

"ఏం సారూ, గంత పెద్ద గొట్టం దేనికి?"

"పాలపిట్ట కోసం తాతా. దగ్గరికి పోతే లేచిపోతుంది కదా."

"ఎంబడి పడకు. అగో, ఆ మోడు మీదికెల్లి దిగి పురుగును పడ్తది. మల్ల ఆ మోడు మీదికే వస్తది."

నిజమే. మోడు మీద ముందే ఫోకస్ పెట్టి, సెకనులో రెండువేలవ వంతు షట్టర్‌తో కాచుకున్నాను. గోధుమరంగు ఛాతీతో ముడుచుకుని కూర్చున్నప్పుడు మామూలు పిట్టే. వాలేముందు రెక్కలు విప్పిందా, ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా బయటపడతాయి. దసరాకు దాన్ని చూడాలని ఊరి పొలిమేర దాకా నడిచే జనం చూసేది ఆ రెక్కలనే. ఆ మొక్కు పేరుతో పిట్టను పట్టి పంజరంలో పెట్టి తిప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం కూడా.

ఎండెక్కాక డిండి జలాశయం గట్టుకు వెళ్లాను. దూరాన నీటికాకులు ఉన్నాయి, కానీ వ్యూఫైండర్‌లో అన్నీ అలలాడుతున్నాయి. రాతి నుంచి లేచే వేడిగాలి పని అది. లెన్స్ పిట్టతోపాటు మధ్యనున్న గాలిని కూడా పెద్దది చేసి చూపిస్తుంది. ఎంత ఖరీదైన గాజైనా ఆ వణుకును ఆపలేదు. ఈ రాతినేల మీద 560 పనికొచ్చేది పొద్దున చల్లగా ఉన్నంతసేపే. తర్వాత దూరం తగ్గాల్సిందే. పిట్ట తనంతట తాను దగ్గరికి వచ్చేచోట ఓపికగా కూర్చోవాలి. కన్వర్టర్ ఉండేది దాన్ని బెదరగొట్టకుండా ఉండేందుకు. కన్వర్టర్ చేత ఇంకేదో చేయించాలనుకుంటే బొమ్మ చెడుతుంది.

పొద్దు వాలాక మళ్లీ అదే చెలకకు వచ్చాను. ఈసారి కన్వర్టర్ తీసేశాను. ఇది జతకట్టే కాలం. మగపిట్ట ఆకాశంలోకి లేచి, గరగరమని అరుస్తూ, పల్టీలు కొడుతూ కిందికి దూకుతుంది. అంత వేగాన్ని అందుకోవాలంటే ఫోకస్ చురుగ్గా ఉండాలి, చట్రంలో చోటు కావాలి. బొమ్మలో పిట్ట చిన్నదిగానే వచ్చింది, వెనక కోటగోడతో సహా.